ఒకే నెత్తురు, రెండు పలకలు

మధ్యాహ్నం రెండుంబావుకి 212వ నంబరు పలక నిద్రపోయింది.

డాక్టర్ ఎస్తేరు తెర మీది గీతల్ని చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. గుండె నిమిషానికి యాభై ఎనిమిది సార్లు కొట్టుకుంటోంది. ఊపిరి బరువుగా సాగి, మధ్యలో ఆగి, ఒక్కసారిగా ఎగదన్నుతోంది. అది గురక. పక్క తెర మీద బస్సు డిపో వాళ్లు పంపిన డ్యూటీ చార్టు ఉంది. దాని ప్రకారం ఈ పలక ఎవరిదో ఆ తిరుపతమ్మ, సరిగ్గా ఆ సమయానికి లాడ్జి సెంటర్ దగ్గర సిటీ బస్సులో నిలబడి టికెట్లు కొడుతూ ఉండాలి.

నాలుగు రోజులుగా ఇదే వరస. రెండింటికి నిద్ర. నాలుగింటికి టీ. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ నిద్ర. పొద్దున ఏడింటికి నిదానంగా మెలకువ. కీళ్లవాతంతో పదకొండేళ్లుగా మాత్రలు మింగుతున్న నలభై నాలుగేళ్ల కండక్టరు బతుకు నిజంగా ఇదే అయితే, గుంటూరు మొగవాళ్లందరూ ఆ ఉద్యోగానికి ఎప్పుడో దరఖాస్తు పెట్టి ఉండేవాళ్లు.

అప్పటికి ఊళ్లోకి కాల్వ జ్వరం వచ్చి ఎనిమిది నెలలైంది. మొదట కాలవ గట్ల ఊళ్లలో కనబడింది కాబట్టి ఆ పేరు. నిజానికి అది ఊపిరి ద్వారా పాకుతుంది, ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. సిటీ బస్సుల్లో డ్రైవర్లు పోయి ఆరేళ్లు కావస్తోంది. బస్సు తనంతట తానే నడుస్తుంది, తనంతట తానే ఆగుతుంది. కండక్టర్లని మాత్రం తియ్యలేకపోయారు. టికెట్ మిషను పెట్టి చూశారు గానీ, దానితో పోట్లాడటం ప్రయాణికులకు సంతృప్తిగా అనిపించలేదు. అందుకని కిక్కిరిసిన బస్సులో రోజుకి తొమ్మిది వందల మంది ఊపిరి పీల్చే పని ఇంకా మనుషులకే ఉంది. వాళ్లలో ముప్పాతిక మంది ఆడవాళ్లు.

ఇరవయ్యో తేదీ లోపు టీకా వేయించుకోని కండక్టర్ని డ్యూటీ ఎక్కించరు. దీర్ఘకాలిక రోగాలున్నవాళ్లు ముందుగా పలక పరీక్షకి వెళ్లాలి.

పలక అనేది జనం పెట్టుకున్న పేరు. కాగితాల మీద దాని పేరు ఇమ్యూన్ ట్విన్, అంటే రోగనిరోధక కవల. చూడటానికి పేకముక్కంత గాజుబిళ్ల. మనిషి నుంచి ఒక ట్యూబు నెత్తురు తీసి, అందులోని కణాలని మళ్లీ విత్తనాల్లా మార్చి, వాటి నుంచి ఆవగింజంత కాలేయం, ఆవగింజంత ఊపిరితిత్తి, కీలు లోపలి పొర, గుండె కండ పెంచుతారు. వాటి మధ్య వెంట్రుక కన్నా సన్నని కాలవల్లో ఆ మనిషి తెల్లకణాలు తిరుగుతుంటాయి. మనిషికి వెయ్యబోయే టీకాని ముందు పలకకి వేసి చూస్తారు.

అయితే నెత్తురొక్కటే మనిషి కాదు కదా. రాత్రి నిద్ర లేనివాడి ఒంట్లో నెత్తురు ఒక రకంగా ప్రవర్తిస్తుంది, కడుపు నిండా తిని పడుకున్నవాడి ఒంట్లో ఇంకో రకంగా. అందుకని మనిషి చేతికి తొమ్మిది రోజులు ఒక బ్యాండు కడతారు. ఎప్పుడు నిద్రపోయిందీ, ఎప్పుడు పరిగెత్తిందీ, ఎంత బరువు మోసిందీ, ఎప్పుడు బెదిరిందీ అది పసిగట్టి లాబ్‌కి పంపుతుంది. యంత్రం ఆ లెక్క ప్రకారం పలకలోకి చక్కెరా, హార్మోన్లూ వదులుతుంది. మనిషి ఊళ్లో ఎలా బతికితే పలక లాబ్‌లో అలా బతుకుతుంది. తన ప్రాణం విషయంలో తనని తాను ఎవరు మోసం చేసుకుంటారులే అని దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు బ్యాండుకి ఏ కాపలా పెట్టలేదు. ఆ ఇంజనీర్లలో ఇల్లు నడిపిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం తిరుపతమ్మ ఖాకీ చీరలోనే లాబ్‌కి వచ్చింది.

"ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నారు తిరుపతమ్మ గారూ?" అని అడిగింది ఎస్తేరు.

"బస్సులో మేడం."

"మీ బ్యాండు ఎక్కడుంది?"

తిరుపతమ్మ చెయ్యి చాపింది. "ఇదుగో."

"ఇప్పుడుంది. ఇవాళ రెండింటికి?"

తిరుపతమ్మ చేతిసంచీ ఒళ్లోకి లాక్కుని జిప్పు తెరిచి మూసింది. "మా ఆయన చేతికి" అంది.

"ఆయన ఏం చేస్తారు?"

"మిర్చి యార్డులో గుమాస్తా. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఓ కునుకు తీత్తాడు."

"కునుకు కాదు, రెండు గంటలు. ఆయనకి ఎందుకు ఇచ్చారు?"

"మాకు డిపోలో ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటది మేడం. ఆ రోజు పొద్దున్నే వేణ్నీళ్లలో చేతులు పెట్టుకుని, రెండు నొప్పి మాత్రలేసుకుని పోతాం. డాక్టరు పిడికిలి పట్టమంటే పడతాం. ఫిట్ అని రాత్తాడు. ఇదీ అట్టాంటిదే అనుకున్నా. నా చేతికుంటే నా రోగమే కదా కనబడేది. ఆయనకేం రోగం లేదు. ఆయన కట్టుకుంటే పాసవుద్దని."

"ఇది మిమ్మల్ని పాస్ చేసే పరీక్ష కాదమ్మా. టీకా వేస్తే మీకేమవుతుందో మీ కోసం చెప్పే యంత్రం."

"ఆ కాగితం డిపోకి పోదా మేడం?"

కాగితం రెండు కాపీలు తయారవుతుంది. మొదటిది డిపోకి.

"మా అందరికీ ఒకటే లెక్క" అంది తిరుపతమ్మ. "ఫిట్ అంటే డ్యూటీ. అన్‌ఫిట్ అంటే ఇంటికి. మధ్యలో మాకేమవుద్దో ఎవరడిగారు గనక?"

ఆమె భయం ఉత్తిదేమీ కాదు. ఒంట్లో రోగనిరోధక కణాలు కాపలావాళ్లలాంటివి. కీళ్లవాతంలో ఆ కాపలావాళ్లు సొంత ఇంటివాళ్లనే కొడుతుంటారు. మాత్రలు వేసి వాళ్లని జోకొట్టి ఉంచుతారు. టీకా వెయ్యడమంటే వాళ్లని తట్టి లేపి దొంగ ఫొటో చూపించడం. లేచాక దొంగని గుర్తు పెట్టుకుంటారా, మళ్లీ ఇంటివాళ్ల మీద పడతారా అన్నది ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కోలా ఉంటుంది. మూడేళ్ల కిందట ఏదో ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకుని తిరుపతమ్మ మర్నాడు డ్యూటీకి వెళ్లింది. ఆ తర్వాత మూడు నెలలు జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. ఆ సంగతే తోటి కండక్టరు రమీజాకి చెప్పింది. రమీజాదీ ఇదే జబ్బు. ఆమె విని, ఈ టీకా వద్దనుకుని సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలో కాల్వ జ్వరం తగిలి, పదకొండు రోజుల్లో పోయింది.

"నేను చెప్పకపోతే వేయించుకునేదేమో" అంది తిరుపతమ్మ. "ఇప్పుడు నేను వేయించుకోవాలో వద్దో మీరు చెప్పండి మేడం. ఉన్నదున్నట్టు చెప్పండి. ఈసారి బ్యాండు నేనే కట్టుకుంటా."

ప్రతి మనిషికీ రెండు పలకలు పెంచుతారు, ఒకటి పాడైతే రెండోది ఉండాలని. ఎస్తేరు రెండో పలకని పెట్టెలోంచి తీసింది. ఆ రోజు తొమ్మిదో తేదీ. మొదటి పలకని పారెయ్యాలి. ఆమె పారెయ్యలేదు. ఒకే నెత్తురు, రెండు బతుకులు. ఇలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వదు. తిరుపతమ్మ తెలియక చేసిపెట్టింది.

మొదటి పలకలో తిరుపతమ్మ మొగుడు పున్నారావు రికార్డు అలాగే నడిచింది. అతను కట్టుకున్న నాలుగు రోజుల్నే తిప్పి తిప్పి వాడారు. పదో తేదీన దానికి టీకా వేశారు. పన్నెండున కొంచెం వేడెక్కింది. పదమూడుకి సర్దుకుంది. పధ్నాలుగుకల్లా తెల్లకణాలు జ్వరాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. కీలు పొర చెక్కుచెదరలేదు.

రెండో పలక పొద్దున మూడూ యాభైకి లేచింది.

ఎస్తేరు ఆ నాలుగు రోజులూ ఆ తెర ముందు నుంచి కదల్లేదు. మూడూ యాభైకి మెలకువ, అయిదింటి దాకా బరువులు మొయ్యడం. మునిసిపల్ నీళ్లు వచ్చే వేళ. ఆరింటికి ఒక పెద్ద బరువుని లేపడం, కూర్చోబెట్టడం, మళ్లీ లేపడం. మంచాన ఉన్న అత్తగారికి స్నానం. తర్వాత ఎనిమిదిన్నర గంటలు నిలబడటం. తిండి ఎప్పుడు తిన్నదో చక్కెర గీతలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక గీత మాత్రం ఎస్తేరుకి అర్థం కాలేదు. ఫోన్ చేసింది.

"రోజూ సాయంత్రం ఏడుంబావుకి మీ గుండె హఠాత్తుగా వేగం పెంచుతోంది. అప్పుడు మెట్లు ఎక్కుతారా?"

"లేదు మేడం. అప్పుడు ఇంటికొత్తా."

తొమ్మిది రోజులూ ఆగితే గడువు దాటిపోతుందని, నాలుగు రోజులకే, పదమూడో తేదీన రెండో పలకకి టీకా వేశారు. అదే మందు, అదే మోతాదు. పధ్నాలుగున వేడెక్కింది. పదిహేనున తగ్గాల్సింది తగ్గలేదు. మూడూ యాభైకి లేచింది, నీళ్లు మోసింది, డ్యూటీ ఎక్కింది. సాయంత్రానికి కీలు పొర ఉబ్బి కాలవని మూసేసింది. పదహారు మధ్యాహ్నం గుండె కండ కొట్టుకోవడం ఆగింది. ఆవగింజంత కండ ఆగితే చప్పుడేం రాదు. తెర మీద గీత సాపుగా నడిచింది, అంతే.

పదిహేడున ఎస్తేరు మొగుడూపెళ్లాల్ని ఇద్దర్నీ పిలిపించింది. పున్నారావు రెండు గాజుబిళ్లల్నీ చాలాసేపు చూశాడు.

"అంటే నా బతుకు పెడితే బతికింది, ఈవిడ బతుకు పెడితే చచ్చిందంటారు."

"అంతే."

"మిషన్లో ఏదన్నా తేడా ఉందేమో చూశారా?"

"చూశాను. తేడా మిషన్లో లేదు."

పున్నారావు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇస్తాడు. ఈ మూడింటికీ మన ఊళ్లలో మొగవాడికి మంచివాడని సర్టిఫికెట్ ఇస్తాం. "అయితే టీకా మానెయ్యి తిరపతమ్మా. ఉద్యోగం పోతే పోయింది. ఇంటి పట్టునే ఉండు, ఒళ్లు హూనం చేసుకోకుండా."

"ఏమయ్యా, పలకని చంపింది టీకానా, ఇల్లా? మేడం ఇందాకట్నుంచీ చెప్పేదేంది? రమీజా ఇంటి పట్టునే ఉంది. ఇంటి పట్టునే పోయింది."

తర్వాత ఎస్తేరు వైపు తిరిగింది. "వేయించుకోకపోతే?"

"మీరు వాడే మాత్రలు వాడేవాళ్లకి ఆ జ్వరం తగిలితే పదిమందిలో ముగ్గురు తిరిగి లేవడం లేదు. మీ పనిలో అది తగలకుండా ఉంటుందని నేను చెప్పలేను."

"వేయించుకుని పడుకుంటే?"

"మొదటి పలకలాగే తట్టుకుంటారని నా నమ్మకం. కానీ పలక మనిషి కాదు. దానికి తెలియనివి ఉంటాయి. ముందు రెండు రోజులు, తర్వాత ఆరు రోజులు పూర్తి విశ్రాంతి కావాలి. ఇంట్లో కుదురుతుందా?"

పున్నారావు అన్నాడు, "కుదురుద్ది లెండి. అమ్మకి కాస్త నీళ్లు పోసి, వంట ఒక్కటి చేసుకుంటే, మిగతా టైమంతా పడుకోవచ్చు."

తిరుపతమ్మ నవ్వలేదు. "మేడం, ఆ పలక ఎక్కడుంది ఇన్నాళ్లూ?"

"ఈ గదిలోనే. ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో."

"టైముకి తిండి పెట్టారా?"

"పెట్టాం."

"కరెంటు పోతే?"

"జనరేటర్ ఉంది."

"నా నెత్తుర్లోంచి పుట్టిందేగా అది. దానికి ఇన్ని జరిగితే నాకు జరగవా? ఆ మూల మంచం ఎవరిది?"

అది ఎస్తేరు నడుం వాల్చుకునే మడతమంచం. ఇది ఆస్పత్రి కాదు, లాబ్. మనుషుల్ని చేర్చుకునే రిజిస్టరే లేదు. ఎస్తేరు నమూనాల రిజిస్టర్ తీసింది. 212-ఎ, 212-బి కింద 212-సి అని రాసింది. వివరణ అన్నచోట 'పూర్తి పరిమాణం' అని రాసింది. ఆ విధంగా తిరుపతమ్మ గాజుబిళ్లల లెక్కలో చేరి ఎనిమిది రోజుల విశ్రాంతి సంపాదించింది. మనిషిగా అడిగితే ఎక్కడా దొరకలేదు.

రెండు రోజులు నిద్రపోయింది. పంతొమ్మిదో తేదీన ఎడమ భుజానికి టీకా వేశారు.

ఇరవైన ఏమీ కాలేదు. ఇరవై ఒకటి మధ్యాహ్నానికి నూట రెండు జ్వరం. మూడింటికల్లా వేళ్ల కణుపులు ఎర్రబడి ఉబ్బాయి. తిరుపతమ్మ చేతులు దుప్పటి మీద పెట్టుకుని వాటినే చూస్తూ పడుకుంది. మూడేళ్ల కిందట ఇలాగే మొదలైంది.

"మొదటి పలక కూడా ఈ రోజే వేడెక్కింది" అని ఎస్తేరు రెండుసార్లు చెప్పింది.

"రెండో పలకా వేడెక్కింది మేడం."

ఎస్తేరు కుర్చీ దగ్గరికి లాక్కుంది. సాయంత్రం ఏడుంబావు అయింది. ఆమె అలవాటుగా తెర వైపు చూసింది. తిరుపతమ్మ చేతి బ్యాండు గీత నిమిషానికి డెబ్భై నాలుగు చూపిస్తోంది. ఎగరలేదు. జ్వరం ఉన్నా ఆ గీత ఆ వేళకి మామూలుగా ఉంది. డాక్టరుకి ఎందుకో అప్పుడు ధైర్యం వచ్చింది.

ఇరవై రెండు పొద్దున తిరుపతమ్మ కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి పట్టింది. వేణ్నీళ్లు లేవు, మాత్ర లేదు. బొటనవేలు లోపలికి పోయి ముడుచుకుంది. మళ్లీ తెరిచి, మళ్లీ పట్టింది. "మేడం, ఫిట్ అని రాసుకోండి" అంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ పున్నారావుకి కొద్దిగా బీపీ ఉంది. నలభై అయిదు దాటినవాడు. ఆ వారమే అతనికీ పలక పరీక్ష వచ్చింది. ఈసారి తన పేరు మీదున్న బ్యాండే తను కట్టుకున్నాడు. మూడూ యాభైకి నీళ్లు పట్టాడు. తల్లికి స్నానం చేయించాడు. వండాడు. యార్డుకి వెళ్లాడు. మధ్యాహ్నం వచ్చి గిన్నెలు తోమాడు. ఆరో రోజుకి అతని పలక ఎర్రరంగులోకి తిరిగింది. యంత్రం మొగవాడి పలకలో అంతటి అలసటని అంతకుముందు చూడలేదు. వెంటనే కాగితం ముద్రించింది: ప్రమాదకర స్థాయి. టీకా వాయిదా. పది రోజులు పూర్తి విశ్రాంతి. ఇంటిపని ఏదీ చేయరాదు.

ఆ పూటే అత్తగారు చిట్టెమ్మ మంచం మీంచే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, వాడికి మిషన్ కాగితం వచ్చిందే. పని చెయ్యకూడదని రాశారంట. గవర్నమెంటు కాగితం. నువ్వు వచ్చెయ్యి."

"నాకింకా రెండు రోజులుంది అత్తమ్మా. నాదీ గవర్నమెంటు కాగితమే."

"నువ్వు లేచి తిరుగుతున్నావంటగా?"

"బాత్రూం దాకా."

"మరి వాడి సంగతి?"

"పెద్దాడపడుచుకి ఫోన్ చెయ్యి. లేదంటే హోటల్నుంచి తెప్పించుకోండి. వారం రోజులు వండితే మనిషికి ఏమవుద్దో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు." ఫోన్ పెట్టేశాక తెర మీద గీత ఎగిరింది. ఎస్తేరు ఫోన్ తీసుకుని స్విచ్ ఆఫ్ చేసి డ్రాయర్లో పెట్టింది.

ఎస్తేరు రెండు పలకల రిపోర్టు రాసి పై ఆఫీసుకి పంపింది. టీకా తీసుకునే ఆడవాళ్లకి ఎనిమిది రోజుల విశ్రాంతీ, పడుకోవడానికి చోటూ చూపించాలని అందులో రాసింది. అప్పటికే ఆ ఆఫీసుకి ఇంకో కబురు చేరింది. నాలుగు ఊళ్లలో నలభై ఒక్కమంది మొగవాళ్ల పలకలు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. అందరి ఇళ్లలోనూ భార్యలు టీకా వేయించుకుని జ్వరంతో మంచాన పడి ఉన్నారు. ఆఫీసు ఈ విషయాన్ని చాలా తీవ్రంగా తీసుకుంది. నెల తిరక్కుండా మొగవాళ్ల దరఖాస్తు మార్చారు. దీర్ఘకాలిక రోగాల పట్టికలో షుగరు, బీపీ, ఉబ్బసం, కిడ్నీ జబ్బుల కింద ఇంకో గడి చేర్చారు: 'భార్య విశ్రాంతిలో ఉన్నారా?' ఉన్నారని టిక్కు పెట్టినవాళ్లకి పది రోజుల జీతంతో సెలవు, పడక.

ఎస్తేరు ఆఫీసరుకి ఫోన్ చేసింది. "ఆడవాళ్ల దరఖాస్తులో ఆ గడి ఎక్కడుందండీ?"

"పరీక్షించాం మేడం" అన్నాడాయన మర్యాదగా. "రెండువేల పలకలు చూశాం. భర్త విశ్రాంతిలో ఉన్నా లేకపోయినా ఆడవాళ్ల పలకలో ఏ మార్పూ కనిపించలేదు. అందుకని అవసరం లేదనుకున్నాం."

మూడు నెలల తర్వాత తిరుపతమ్మ రెండో డోసుకి వచ్చింది. రెండు జతల బట్టలు, దువ్వెన, మాత్రల డబ్బా సంచీలో సర్దుకుంది. లాబ్ పక్కన కొత్త హాలు కట్టారు. ఇరవై మంచాలు, ఫ్యాన్లు, కిటికీలకి పచ్చటి తెరలు. ఇరవై మంచాల మీదా మొగవాళ్లు పడుకుని ఉన్నారు. ఎస్తేరు తన చేతిలోని రిజిస్టరు చూపించింది. మడతమంచాన్ని కూడా లెక్కలో చేర్చి తీసుకుపోయారట. ఆమె ఏదో సర్ది చెప్పబోయింది.

తిరుపతమ్మ వినలేదు. హాలంతా ఒకసారి కళ్లతో కొలిచింది. కిటికీ పక్కన నిండా దుప్పటి కప్పుకుని గురక పెడుతున్న ఒక పెద్దమనిషి మంచం దగ్గరికి వెళ్లి, సంచీ కింద పెట్టి, ఇనప కమ్మీ మీద రెండుసార్లు తట్టింది.

"లెగు బాబాయ్. నీ స్టేజీ వచ్చింది."